చేప ఎందుకు పోయిందంటే

చచ్చిన చేప కనబడితే అది ఎందుకు చచ్చిందో చెప్పకుండా ఉండలేకపోవడం శ్యాంబాబు జబ్బు. చెరువులో తేలిన చేప గురించి చెబితే సరే, చదువుకున్నవాడు, చెబుతున్నాడు అనుకోవచ్చు. అతను పులుసులో పడుకున్న చేపని కూడా వదలడు. బంతిలో కూర్చుని, తలకాయ ముక్క అడిగి మరీ వేయించుకుని, దాన్ని వేలితో ఇటూ అటూ తిప్పి, నోరు చూసి, కన్ను చూసి, పక్కనున్న పెద్దమనిషితో, "ఇది పట్టిన చేప కాదండి, తేలిన చేప" అంటాడు. వల వేసి పట్టిన చేపని వండి పెడితే అది విందు. దానంతటది చచ్చి నీళ్ళ మీద తేలినదాన్ని చౌకగా తెచ్చి వండి పెడితే అది పరువు తక్కువ. భీమవరం చుట్టుపక్కల ఒకరింటికి భోజనానికి వెళ్ళి ఆ మాట అనడం కంటే ఆ ఇంటి పునాదిలో గునపం దించడం మర్యాద.

పెళ్ళయిన దగ్గర్నుంచీ అతని భార్య మంజుష ఏ విందులోనూ కడుపునిండా తిని ఎరగదు. ఒక కన్ను తన ఆకు మీద, ఒక కన్ను మొగుడి ఆకు మీద వేసుకుని ముద్ద మింగితే ఎవరికి మాత్రం ఒంటబడుతుంది? మొన్న పెదనాన్నగారి మనవడి పంచెల ఫంక్షన్‌లో కూడా అదే జరిగింది.

"ఏమండీ, ఆ ముక్క తినేయండి."

"తింటానే. ఆ నోరు చూడు ఎలా తెరుచుకుని ఉందో. గాలి చాలక పోయింది."

"మెల్లగా అనండి."

"మెల్లగానే పోయుంటుంది పాపం. తెల్లవారుజామున."

ఎదురు బంతిలో ఒకాయన వేళ్ళ మధ్య ముక్క పట్టుకుని అలాగే ఆగిపోయాడు. ఆయన పక్కనున్నావిడ తన ముక్కని మర్యాదగా ఆకు చివరికి నెట్టేసింది. వడ్డించే కుర్రాళ్ళు చేపల పులుసు గంగాళం పట్టుకుని ఆ వరసలో వెళ్ళినట్టే వెళ్ళి వెనక్కి వచ్చేశారు. పెదనాన్నగారు అప్పటినుంచి మంజుషకి ఫోన్ చేయలేదు. ఆ పులుసుతో పాటు పెదనాన్నగారు కూడా పోయారని ఆమె లెక్క.

శ్యాంబాబు చదివింది ఫిషరీస్ సైన్స్. డిగ్రీ, దాని మీద పీజీ కూడా. పొలుసు మీద వలయాలు చూసి చేప వయసు చెబుతాడు. మొప్ప రంగు చూసి రోగం చెబుతాడు. రొయ్యని వెలుతురుకి ఎత్తిపట్టి, అది పొద్దున మేత తిన్నదో అలిగిందో చెబుతాడు. వల చిరిగితే అల్లుతాడు, చేపకి నొప్పి తెలియకుండా రక్తం తీస్తాడు. ఇన్ని విద్యలు నేర్చుకుని ఇంటికొస్తే చుట్టాలు అడిగిన మొదటి ప్రశ్న, "చేపలు పట్టడానికి కూడా కాలేజీ ఏంటండీ?" అని. ఎకరాలకి ఎకరాలు వరిచేలు తవ్వి చెరువులు చేసి, ఆ చెరువుల మీద మేడలు కట్టి, ఆ మేడల్లో ఏసీలు బిగించుకుని కూర్చున్నవాళ్ళు అడిగిన ప్రశ్న అది.

మొదట ఒక మేత కంపెనీలో ఉద్యోగం వచ్చింది. రైతుల దగ్గరికి వెళ్ళి మేత గురించి సలహా చెప్పడం పని. శ్యాంబాబు వెళ్ళాడు, చెరువు చూశాడు, సలహా చెప్పాడు. మేత తగ్గించమన్నాడు. తర్వాత చెరువుకి వెళ్ళి అక్కడా తగ్గించమన్నాడు. అతను తిరిగిన మండలంలో కంపెనీ అమ్మకాలు కూడా తగ్గాయి. మేనేజరు పిలిచి కాఫీ ఇచ్చి, "మీలాంటి మేధావులకి మా కంపెనీ సరిపోదండి" అని సాగనంపాడు. అది పొగడ్త అనుకుని ఇంటికొచ్చి చెప్పిన మనిషి లోకంలో శ్యాంబాబు ఒక్కడే ఉంటాడు.

ఆ తర్వాత భీమవరంలో ఒక గది తీసుకుని నీళ్ళు పరీక్ష చేసే ల్యాబు పెట్టాడు. పక్క గది చెరువు మందుల కొట్టు. రైతు సీసాలో నీళ్ళు పట్టుకొచ్చేవాడు. శ్యాంబాబు పరీక్ష చేసేవాడు.

"ఏం వెయ్యమంటారండీ?"

"ఏమీ వెయ్యకండి. నీళ్ళు కొంచెం మార్చి, మేత ఆపండి."

"ఏమీ వెయ్యకుండా ఎలాగండీ? ఏదో ఒకటి వేస్తే వేసినట్టుంటుంది కదండీ."

"వేస్తే చేపలు కూడా పోయినట్టుంటాయండి."

రైతు దణ్ణం పెట్టి లేచి, సరాసరి పక్క కొట్టుకి వెళ్ళి బకెట్టుడు మందు మోటారుసైకిలు మీద పెట్టుకుని పోయేవాడు. మందుల కొట్టాయన రెండంతస్తులు లేపాడు. మన ల్యాబులో ఫ్యాను కూడా పాతదే. ఆ కొట్టాయనకి చదువు ఎంతని ఎవరూ అడగలేదు.

మంజుష తండ్రి పల్లంరాజుగారికి అల్లుడంటే భయం, భక్తి, చిరాకు మూడూ సమానంగా ఉండేవి. పెళ్ళైన ఏడాది శ్రావణంలో అల్లుడికి పెట్టాలని ఆయన పులస తెప్పించారు. వరద గోదారికి ఎదురెక్కి వచ్చే చేప అది. అది తిన్నామని చెప్పుకోవడం కోసమే సగం మంది తింటారు. పనిమనిషి పెరట్లో దాన్ని శుభ్రం చేస్తుంటే శ్యాంబాబు వెళ్ళి గొంతుక్కూర్చుని పేగులు కెలికాడు.

"మావయ్యగారూ, ఇది పులస కాదండి."

పల్లంరాజుగారు మీసం మీద చెయ్యి వేశారు. "మరేంటండి?"

"సముద్రంలో పట్టిందండి. గోదారి ఎక్కే చేప తిండి మానేసి ఎక్కుతుంది. దీని కడుపు నిండా తిండే."

"తిండి తిన్నంత మాత్రాన..." అని మొదలుపెట్టి, చుట్టూ ఉన్న చుట్టాలని చూసి ఆయన ఆగిపోయారు. అప్పటికే ఆయన ఊరంతటికీ పులస వచ్చిందని చెప్పేశారు. మంజుష తల్లి నీలవేణిగారు చేపని పులుసు పెట్టారు గానీ, ఆ మధ్యాహ్నం ఇంట్లో అందరూ వంకాయ కూర కలుపుకున్నారు. శ్యాంబాబు మాత్రం, "సముద్రందైనా రుచి బాగుందండి" అంటూ ఆ చేపని ఒక్కడే తిన్నాడు.

ఆ రోజు నుంచి పల్లంరాజుగారు అల్లుడు ఏ సలహా చెప్పినా, "ఆయ్, అలాగేనండి అల్లుడుగారూ" అనేవారు. గోదారి జిల్లాల్లో అంత వినయంగా అలాగేనండి అన్నారంటే ఆ పని జరగదని అర్థం.

ఈ కార్తీకంలో ముసురు పట్టింది. సూర్యుడు మొహం చాటేశాడు. పల్లంరాజుగారి చేపల చెరువు ఆకివీడు వైపు ఉంది. బొచ్చె చేపలు బాగా ఎదిగాయి, వారంలో పట్టుబడి, వల వేసి అమ్మేయడమే. చెరువులో వెదుర్లు పాతి, వాటికి చిల్లులు పెట్టిన తవుడు సంచులు వేలాడదీస్తారు. చేపలు వచ్చి ఆ చిల్లుల్లోంచి పీక్కుని తింటాయి. శ్యాంబాబు మామగారికి ఫోన్ చేశాడు.

"మావయ్యగారూ, ఎండ లేదు. నీళ్ళలో గాలి పుట్టదు. ఈ నాలుగు రోజులూ సంచులు తగ్గించండి. తిన్నది అరగడానికి కూడా గాలే కావాలి."

"ఆయ్, అలాగేనండి అల్లుడుగారూ."

పల్లంరాజుగారు ఫోన్ పెట్టేసి, పట్టుబడిలోగా తూకం పెరగాలని ఇంకో వరస సంచులు కట్టించారు. ఆ సంగతి నీలవేణిగారు కూతురికి మాటల్లో చెప్పేశారు. మంజుష మొగుడికి చెప్పలేదు. చెబితే అతను మళ్ళీ ఫోన్ చేస్తాడు, నాన్న మళ్ళీ అలాగేనండి అంటారు, ఎందుకొచ్చిన గొడవ అనుకుంది.

మర్నాడు తెల్లారాక ఫోన్ మోగింది. చెరువు కాపలా చిట్టియ్య పెళ్ళాం లోవలక్ష్మి.

"అమ్మాయిగారూ, చేపలు తేలిపోయాయండీ. మా ఆయన విషం కలిపాడని మోటారు షెడ్డు దగ్గర కట్టేశారండీ. రాజుగారు మాటే వినట్లేదండీ. మీరైనా రండమ్మా!"

మోటారుసైకిలు మీద వెళుతుంటే మంజుషకి చిట్టియ్య మొహమే కళ్ళలో మెదిలింది. తనని చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకుని గట్లన్నీ తిప్పినవాడు. అతని ఒంటి మీద దెబ్బ పడితే చూడటం తన వల్ల కాదు. అలాగని కట్టించిన సంచుల సంగతి నలుగురిలో బయటపడితే నాన్న తలెత్తుకోలేరు. వెనక కూర్చున్న చోటు నుంచే మొగుడి భుజం పట్టుకుంది.

"ఏమండీ, చిట్టియ్యని విడిపించండి. కానీ మా నాన్న పరువు తియ్యకండి. ఈ ఒక్కసారికీ మీ నోరు..."

"చేపల్ని చూడనీ," అన్నాడు శ్యాంబాబు. అంతకు మించి మాట్లాడలేదు. ఆమెకి అదే ఎక్కువ భయమేసింది.

చెరువు మీద తెల్లటి పొట్టలు తప్ప నీళ్ళు కనబడలేదు. గట్టు మీద ఊరు ఊరంతా ఉంది. షెడ్డు స్తంభానికి చిట్టియ్యని తవుడు సంచుల తాడుతోనే కట్టారు. పెదవి చిట్లి నెత్తురు ఎండింది. పల్లంరాజుగారు ఒక ఖాళీ పురుగుమందు సీసా పట్టుకుని ఊగిపోతున్నారు. పక్క చెరువు వెంకటపతిరాజుగారు ఆయనకి వరసకి తమ్ముడు. మధ్య గట్టు ఎవరిదన్న తగాదా ఇద్దరికీ ఎప్పటినుంచో ఉంది.

"ఆ వెంకటపతి దగ్గర డబ్బు తిని వీడు మందు కలిపాడు! ఇదిగో సీసా! నా ఉప్పు తిని నా చెరువుకే..."

"నాకేం తెలియదండీ రాజుగారూ!" అంటున్నాడు చిట్టియ్య. ఆ మాట అతను అప్పటికే ఎన్నిసార్లు అన్నాడో గొంతు బొంగురుపోయింది. అంతమంది ఉండి, మనిషిని కట్టిన తాడు కేసి చూసినవాళ్ళు లేరు. అందరూ పోయిన చేపల్నే చూస్తున్నారు. అప్పుడే ఒక హెడ్‌కానిస్టేబుల్ కూడా బండి దిగి, చేపలన్నీ పోయాయా కొన్నైనా మిగిలాయా అని అడుగుతున్నాడు.

శ్యాంబాబు ప్యాంటు మడిచి నీళ్ళలోకి దిగాడు. ఒక చేపని ఎత్తి నోరు చూశాడు. ఇంకోదాని మొప్ప ఎత్తి చూశాడు. గట్టు వార వంగి నీళ్ళలోకి చాలాసేపు చూశాడు. జనం గట్టు అంచుకి వచ్చి మెడలు చాచారు. విందుల్లో అతన్ని చూసి నవ్విన మొహాలే చాలావరకు.

"మావయ్యగారూ, ఆ సీసా ఒకసారి ఇలా ఇవ్వండి." తీసుకుని వెలుతురుకి ఎత్తిపట్టాడు. "లోపల సాలీడు గూడు కట్టుకుని ఉందండి. దీని మూత తీసి ఎన్నాళ్ళయిందో సాలీడుని అడగండి. పక్క వరిచేలో కొట్టి పారేసిన సీసా ఇది."

"సీసా సంగతి వదిలేయండి. విషం కాకపోతే ఇన్ని చేపలు ఎలా పోతాయండీ?"

"విషమైతే ముందు చిన్నవి పోతాయండి. చిన్న ప్రాణానికి కొంచెం చాలు. గాలి చాలకపోతే ముందు పెద్దవి పోతాయి. వాటికి ఎక్కువ గాలి కావాలి. తేలినవన్నీ ఏంటో చూడండి, పెద్ద పెద్ద బొచ్చెలు. పిల్లలన్నీ ఇదిగో, గట్టు వార శుభ్రంగా తిరుగుతున్నాయి. నత్తలు బతికే ఉన్నాయి. విషం నత్తల్ని వదిలేసి బొచ్చెల్ని ఏరుకుని చంపుతుందాండీ?"

అతను మాట పూర్తి చేసేలోపు అతని కాళ్ళ దగ్గర్నుంచి ఒక కప్ప ఎగిరి హెడ్‌కానిస్టేబుల్ బూటు మీద కూర్చుంది. ఎవరో నవ్వారు. పల్లంరాజుగారు నవ్వలేదు.

శ్యాంబాబు చొక్కా జేబులోంచి చిన్న కత్తెర తీసి ఒక బొచ్చె పొట్ట కోశాడు. లోపల్నుంచి తవుడు ముద్దలు ముద్దలుగా జారి గట్టు మీద పడింది. ఇంకోదాన్ని కోశాడు. దానిలోనూ తవుడే. చేపల చెరువులున్న ఊరు అది, ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. జనంలో ఒక ముసలాయన అననే అన్నాడు.

"ముసురులో ఇంత మేత కట్టించింది ఎవరండీ?"

పల్లంరాజుగారి చెయ్యి మీసం దాకా వెళ్ళి మధ్యలో ఆగిపోయింది. చిట్టియ్యకి జవాబు తెలుసు. ఆ సంచులు కట్టిన చేతులు అతనివే. స్తంభానికి కట్టేసి ఉండి కూడా యజమాని పేరు చెప్పలేక తల దించుకున్నాడు. ఆ తల దించుకోవడం చూసి మంజుషకి నాన్న మీద మొదటిసారి అసహ్యం వేసింది. వేసినందుకు ఏడుపొచ్చింది. మొగుడు నోరు తెరిచాడు. ఆమె కళ్ళు మూసుకుంది.

"మబ్బండి," అన్నాడు శ్యాంబాబు.

"ఏంటీ?" అన్నాడు హెడ్‌కానిస్టేబుల్.

"మబ్బు చంపిందండి. ఎండ లేక నీళ్ళలో గాలి పుట్టలేదు. చేపలు ఊపిరాడక పోయాయి."

"మరి ఈ తవుడో?"

"ఆకలేసి తినుంటాయండి."

"మరి కేసు ఎవరి మీద రాసుకోమంటారు?"

"రాసుకుంటే మబ్బు మీదే రాసుకోండి. ఇప్పుడే ఉండి ఊరి వైపు వెళుతోంది, త్వరగా బయల్దేరితే దొరుకుతుంది."

ఈసారి గట్టంతా నవ్వింది. ముసలాయన నవ్వలేదు గానీ, ఇంకేమీ అడగలేదు. పల్లంరాజుగారు గట్టు మీదున్న సీసాని తీసి చేలోకి విసిరేశారు. "ఒరేయ్, వాడి కట్లు విప్పండ్రా," అన్నారు. కట్లు విప్పాక చిట్టియ్య మొహం కేసి చూడకుండా, "వెళ్ళి టీ తాగు," అన్నారు. చిట్లిన పెదవికి ఆ టీయే మందు, ఆ టీయే క్షమాపణ. చేలు పోయి చెరువులు వచ్చినా అక్కడ కూలివాడితో తప్పయిందని అనే అలవాటు ఇంకా రాలేదు. వెంకటపతిరాజుగారిని అన్న మాటలు కూడా ఆయన వెనక్కి తీసుకోలేదు.

ఇంతలో ఐసు లారీ వచ్చింది. పోలీసుల్ని పిలిచినవాళ్ళే లారీని కూడా పిలిచారు. తేలిన బొచ్చెలన్నీ ట్రేలలోకి ఎక్కాయి. రేపు ఏ ఊళ్ళోనో ఏ బంతిలోనో ఎవరి ఆకులోనో పడతాయి. మంజుష ఆ ట్రేల కేసి చూస్తూ నిలబడింది. అవి తన తండ్రి చెరువు చేపలు. వాటి నోళ్ళు తెరుచుకునే ఉన్నాయి.

శ్యాంబాబు చెరువు వార చేతులు కడుక్కుంటుంటే ఆమె వెళ్ళి పక్కన నిలబడింది.

"సంచుల సంగతి మీకు తెలుసా?"

"చేప కడుపు చూశాను కదా."

"అయితే పెదనాన్నగారింట్లో అలా అన్నారే. మా నాన్నని ఎందుకు వదిలేశారు?"

"మీ పెదనాన్నగారింట్లో మాత్రం ఎవరి పేరు చెప్పాను? గాలి చాలక పోయిందన్నాను."

మంజుష వెనక్కి ఆలోచించుకుంది. నిజమే. ఇన్ని విందుల్లో ఇన్ని చేపల చావు చెప్పాడు. మేత ఎక్కువైందన్నాడు, నీళ్ళు పాడయ్యాయన్నాడు, గాలి చాలలేదన్నాడు. ఎవరు చంపారో ఒక్కసారీ అనలేదు.

"అయినా అన్నం దగ్గర ఎందుకండీ? అందరూ ఆకులు వదిలేసి లేచిపోతుంటే నాకు చచ్చిపోవాలనిపిస్తుంది."

అతను తడి చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"చేపలు పోతే ఈ ఊళ్ళలో ముందు మనిషిని వెతుకుతారు మంజూ. వాడెప్పుడూ కాపలావాడే అవుతాడు. చెరువు దగ్గరికి వచ్చి చెబుదామంటే అప్పటికే ఒకణ్ణి కట్టేసి ఉంటారు. చెరువులున్న పెద్దమనుషులందరూ ఒక్కచోట నోరు మూసుకుని కూర్చునేది బంతిలోనే కదా. ముద్ద నోట్లో ఉన్నప్పుడు చెబితే కొంచెమైనా లోపలికి పోతుందని."

ఇన్నేళ్ళూ తను ఆకు మీద నుంచి ఆకలితో లేచిన విందులన్నీ మంజుషకి గుర్తొచ్చాయి. కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు. ఈ మాట ముందే చెప్పొచ్చు కదా అని అతన్ని కడిగెయ్యాలనిపించింది. అడిగితే, నువ్వు అడగలేదు కదా అంటాడు.

అప్పుడే చిట్టియ్య వచ్చాడు. చేతిలో టీ గ్లాసు ఉంది గానీ తాగలేదు. దూరంగా నిలబడి, మళ్ళీ దగ్గరికొచ్చి, చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"బాబుగారూ, ఒక మాట చెప్పాలండి."

"చెప్పకు."

"చెప్పకపోతే నాకు అన్నం దిగదండి. చేపలు పైకొచ్చి గాలికి నోళ్ళు తెరిస్తే ఏరేటర్లు తిప్పి నీళ్ళకి గాలి పట్టించమన్నారండి రాజుగారు. నేను... తెల్లారగట్ల కునుకు పట్టేసిందండి. లేచేటప్పటికి తేలిపోయున్నాయండి."

"తెలుసు."

"ఎలా తెలుసండి?"

"నులకమంచం అచ్చు నీ చెంప మీద ఇంకా పోలేదు."

చిట్టియ్య గబుక్కున చెంప తడుముకున్నాడు. గ్లాసులో టీ ఒలికింది.

"మరి అందరి ముందూ ఆ మాట అనలేదేంటండీ?"

"నన్ను అడిగింది చేపల గురించి కదా చిట్టియ్యా. కోసి చూశాను. వాటిల్లో నీ పేరు ఎక్కడా లేదు."

చిట్టియ్య నవ్వబోతే చిట్లిన పెదవి నొప్పెట్టి ఆగాడు. కాసేపాగి, నొప్పితోనే నవ్వేశాడు. మంజుష చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది. లారీ దగ్గర నిలబడి తూకం చూసుకుంటున్న పల్లంరాజుగారు ఆ ముగ్గురూ దేనికి నవ్వుతున్నారో తెలియక, తన గురించేనేమో అనుకుని, మీసం మీద చెయ్యి వేసుకోబోయి దించేసుకున్నారు.